వీపు వెనక వాన

పికప్ బండిలో ఎవరూ పట్టించుకోని అద్దం ఒకటుంది. డ్రైవరు తల వెనక ఉండేది. అక్కణ్నుంచి ఓ చుక్క నీరు కారితే చిన్న విషయమే అనిపిస్తుంది. రెండు వానాకాలాలు అలాగే అనుకున్న ఓ డ్రైవరు కథ ఇది... ఆ చుక్క పుట్టిల్లు ఎక్కడో పట్టుకున్న ఓ మేస్త్రీ కథ కూడా.

బండి కొన్నవాళ్లు ఎవరైనా సరే, ముందు అద్దాన్ని దేవుడి పటంలా చూసుకుంటారు. పొద్దున్నే నీళ్లు చల్లి తుడుస్తారు. పసుపూ కుంకుమా దానికే. అమ్మవారి బొమ్మా, పిల్లల పేర్లూ దాని మీదే. చిన్న గీత పడితే ప్రాణం విలవిల్లాడుతుంది. మరి వెనక అద్దమో? డ్రైవరు వీపుకు మూరెడు దూరంలో ఉంటుంది. అయినా దాన్ని చూసేదెవరు? లోడు ఎత్తాక అందులోంచి బస్తాలు తప్ప ఏమీ కనిపించవు. దాని వెనక ఇనప గార్డు. గార్డు మీద తాళ్లు, బరకం. తుడవాలంటే చెయ్యి దూరదు. అలా ఏళ్లకేళ్లు దుమ్ము కొట్టుకుని పడుంటుంది. అదొకటి ఉందని గుర్తుచేసేది ఒక్క వానే!

నూజివీడు దగ్గర ఓ పల్లెటూళ్లో ఉంటాడాయన. వయసు నలభై దాటింది. పాత పికప్ ఒకటి కొనుక్కుని తనే తోలుకుంటాడు. వేసవి వస్తే మామిడికాయల ట్రేలు నున్న మార్కెట్టుకు చేర్చడమే పని. మామిడి అయిపోతే ఎరువుల బస్తాలు, కూరగాయలు, ఇల్లు మారేవాళ్ల మంచాలూ బీరువాలూ, పెళ్లిళ్లకు షామియానా సామాను. ఏదైతేనేం... కిరాయి వస్తే చాలు. నెల తిరిగేసరికి ఫైనాన్సు వాయిదా కట్టాలి కదా.

అలాంటి మనిషికి క్యాబిన్ అంటే బండిలో ఓ భాగం కాదు. అదే ఆఫీసు. అదే భోజనాల గది. మార్కెట్టులో అన్‌లోడింగుకు వరసలో ఆగిన రాత్రి పడగ్గది కూడా అదే. సీటు వెనక ఓ సంచి వేలాడుతూ ఉంటుంది. అందులో ఆర్సీ, ఇన్సూరెన్సు కాయితాలు, ఎవరెంత బాకీ ఉన్నారో రాసుకున్న నోటుబుక్కు. ఆయన ఆస్తి మొత్తం ఆ నాలుగు రేకుల మధ్యే ఉందంటే అతిశయోక్తి కాదు.

చెమట అనుకున్నాడు!

మొదటిసారి తెలిసింది 2022 వానాకాలంలో. బండి దిగేసరికి చొక్కా వెనక తడి. చెమటేమో అనుకున్నాడు. మర్నాడూ అంతే. చలి వేస్తున్న పూట చెమటేంటి? సీటు వెనక చెయ్యి పెట్టి చూశాడు. వెనక అద్దం కింది అంచు దగ్గర, కుడి మూల, వేలికి తడి తగిలింది. ఓ పాత తువ్వాలు మడిచి అక్కడ కుక్కాడు. పనైపోయింది అనుకున్నాడు.

తువ్వాలు నీళ్లను తాగింది గానీ వాసనను ఆపలేకపోయింది. నానిన గోనెసంచి వాసన. తెల్లారి తలుపు తీస్తే గుప్పుమనేది. ఎండ పడగానే అద్దాలన్నిటికీ లోపలి వైపు ఆవిరి పట్టేది. బయట పొగమంచు లేదు, లోపల మాత్రం ఉంది! మరేం లేదు... కాళ్ల కింద మ్యాటు, దాని అడుగునున్న పీచుపొర నీళ్లు తాగి కూర్చున్నాయి. క్యాబిన్ వేడెక్కగానే ఆ నీరే ఆవిరై చల్లటి అద్దాల మీద చేరుతోంది. తుడుస్తే పోతుంది. మళ్లీ వస్తుంది. కింద నీళ్లున్నంత కాలం వస్తూనే ఉంటుంది.

భార్య పుట్టింటికి బయల్దేరినప్పుడు ఆయన బండి తీశాడు. ఆమె తలుపు తీసి, ఓసారి ముక్కు మూసుకుని, మెల్లగా మళ్లీ వేసేసింది. ‘‘మీరు లోడు చూసుకోండి. నేను బస్సులో పోతాలెండి. ఈ బూజు కంపుతో మా వాళ్లింటికి వచ్చానంటే చీర మార్చుకోమంటారు’’ అంది. నవ్వుతూనే అంది. ఆయనకు మాత్రం చురుక్కుమంది.

తలా ఓ వైద్యం

మనకు జ్వరం వస్తే వైద్యం చెప్పనివాడుండడు. బండి కారినా అంతే. టీకొట్టు దగ్గర ఒకడు తారు పుయ్యమన్నాడు. ఇంకొకడు సైకిలు ట్యూబు ముక్కలు కోసి అద్దం సందుల్లో కుక్కమన్నాడు. రబ్బరు ఎండిపోయింది, డీజిలు గుడ్డతో తుడిస్తే మెత్తబడుతుందని మూడోవాడు. ఆయన ఆ పనీ చేశాడు. నిజంగానే రబ్బరు నల్లగా నిగనిగలాడింది. రెండు నెలలు తిరిగేసరికి ఉబ్బి, వదులై, అంచులు పైకి లేచాయి.

అది అలాగే అవుతుంది. ఈ కాలపు బండ్ల అద్దాల చుట్టూ వేసే రబ్బరు బీడింగు ఎక్కువగా ఈపీడీఎం అనే రకం. ఎండనూ, గాలిలోని ఓజోన్‌నూ ఏళ్ల తరబడి తట్టుకుంటుంది. వాననూ లెక్కచెయ్యదు. దానికి పడనివల్లా పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు, మామూలు గ్రీజు. అవి తగిలితే పీల్చుకుని ఉబ్బుతుంది, బిగువు పోగొట్టుకుంటుంది. నిగారింపు కోసం చేసిన సేవే దాని ఆయుష్షు తగ్గిస్తుందన్నమాట.

చివరికి ఆయన హార్డువేరు షాపులో సిలికాన్ గొట్టం ఒకటి కొన్నాడు. నీళ్లు కనబడేది కింది అంచులో కాబట్టి అద్దం కింది అంచంతా బయటి వైపు నుంచి వేలితో దట్టంగా మెత్తాడు. వెనిగర్ లాంటి పుల్లటి వాసన వచ్చింది. ఆరింది. గట్టిగా అతుక్కుంది. అప్పటికి 2023 ఫిబ్రవరి. మార్చి, ఏప్రిల్, మే... ఒక్క చుక్క కూడా కారలేదు. ‘‘మందు పనిచేసింది’’ అని నలుగురికీ చెప్పాడు. వేసవిలో ఏ లీకైనా ఆగుతుందని ఎవరూ ఆయనకు చెప్పలేదు!

వాసన పుల్లగా ఉండటానికి కారణం ఉంది. ఆ రకం సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. వెనిగర్‌లో ఉండేదీ అదే. స్నానాల గదిలో పలకల మధ్య రాస్తే ఇబ్బంది లేదు. రంగు లేచిపోయిన ఇనప రేకు మీద రాస్తే మాత్రం ఆ ఆమ్లం తుప్పుకు తోడవుతుంది. పైగా సిలికాన్ ఒకసారి అంటిన చోట రంగు నిలవదు. మరో రకం సీలెంటు కూడా సరిగా పట్టదు. తర్వాత బాగుచెయ్యడానికి వచ్చేవాడికి అదో పెద్ద గండం.

ఆ రాత్రి హైవే మీద...

2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కృష్ణా జిల్లా, చుట్టుపక్కల ఊళ్లు రోజుల తరబడి తడిశాయి. ఆ వానకు ఆయన బండిలో ఈసారి తడి కాదు, నీళ్లే నిలిచాయి. సిలికాన్ రాయకముందు కంటే ఎక్కువ. మ్యాటు ఎత్తి డబ్బాతో తోడి పోశాడు. సంచిలోని నోటుబుక్కులో బాకీల లెక్కలు నీలం మరకలుగా మారాయి. పోతే పోయాయి, మనుషులు గుర్తున్నారు కదా అని సరిపెట్టుకున్నాడు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. నాలుగు రోజుల తర్వాత, రాత్రిపూట, హనుమాన్ జంక్షన్ దాటాక ముందు గేదె ఒకటి అడ్డం వచ్చింది. బ్రేకు నొక్కాడు. వెనక నుంచి చెవులు చిల్లులు పడేలా టైర్ల శబ్దం. అద్దంలో రెండు లైట్లు మీదికి ఉరికొచ్చి ఆగాయి. లారీ. దాని డ్రైవరు కిందికి దూకి వచ్చాడు. ‘‘బ్రేకు లైట్లు లేకుండా హైవే ఎక్కుతావా? ఇంట్లో పెళ్లాం పిల్లలు లేరా నీకు?’’ అని అరిచాడు. ఆయన నోట మాట రాలేదు. దిగి వెళ్లి చూస్తే బండికీ లారీకీ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు.

పొద్దున్నే ఎలక్ట్రీషియన్ సీటు వెనక చెయ్యి పెట్టి ఓ వైరు జాయింటు బయటికి లాగాడు. వెనక లైట్లకు కరెంటు పోయేది దాంట్లోంచే. ఎప్పుడో స్పీకర్లు బిగించినప్పుడు అక్కడ కత్తిరించి అతికారు. రాగి తీగ పచ్చగా చిలుము పట్టిపోయింది. పట్టుకుంటే పొడి పొడిగా రాలింది. కొత్త వైరు వేశాక ఆ కుర్రాడు మ్యాటు పూర్తిగా ఎత్తి, స్క్రూడ్రైవరుతో ఫ్లోరు రేకును ఓ పోటు పొడిచాడు. టప్ మని కిందికి దిగింది. నేల కనబడింది!

‘‘అన్నా, సీటు బోల్టుల దగ్గర కూడా పొరలు లేస్తోంది. చూసుకో మరి’’ అన్నాడు.

సీటును పట్టుకుని ఉండేది ఆ బోల్టులే. సీటుబెల్టు బకెలు కూడా అక్కడికే బిగించి ఉంది. గుద్దుకున్నప్పుడు మనిషిని ఆపాల్సిన రేకు అది. ఇనుము తుప్పు పట్టాలంటే నీరూ గాలీ రెండూ కావాలి. నీటిలో మునిగి ఉన్నదాని కంటే తడీ పొడీగా ఉన్న చోట ఆ రెండూ దండిగా దొరుకుతాయి. తడి మ్యాటు కింద రేకు సరిగ్గా అలాంటి చోటు. పైకి మ్యాటు శుభ్రంగానే ఉంటుంది. తినాల్సింది అడుగున తింటూనే ఉంటుంది.

నీళ్లు కనబడిన చోట పుట్టవు

వైరు అప్పుడే మార్చాడు. రేకు పనికి మాత్రం బండి రోజుల తరబడి ఆగాలి. సంక్రాంతి, పెళ్లిళ్లు, ఆ వెంటనే మామిడి. ఆగితే వాయిదా ఎవరు కడతారు? చివరికి 2024 మే నెలాఖర్లో, కాయ తగ్గుముఖం పట్టాక, విజయవాడ ఆటోనగర్‌కు తీసుకెళ్లాడు.

ఆటోనగర్‌లో దేనికి దానికే మేస్త్రీలు. ఇంజనుకు ఒకరు, బాడీకి ఒకరు, కమానుకట్టలకు ఒకరు. అద్దాల మేస్త్రీకి అరవై పైనే ఉంటాయి. డ్రైవరు వెళ్లగానే తన పక్షాన తీర్పు చెప్పేశాడు. ‘‘బాబాయ్, వెనక అద్దం బీడింగు పోయింది. కొత్తది వేసెయ్. సాయంత్రానికి వెళ్లిపోతా.’’

మేస్త్రీ అద్దం వంక చూడనే లేదు. ‘‘నీళ్లు ఏ మూల కనబడతాయి అబ్బాయ్?’’ అన్నాడు.

‘‘కుడి మూల. ఒక్కోసారి ఎడమ మూల.’’

‘‘ఏ ఊళ్లో కుడి? ఏ ఊళ్లో ఎడమ?’’

డ్రైవరు తెల్లబోయాడు. కాసేపు ఆలోచిస్తే తట్టింది. ఇంటి దగ్గర బండి పెట్టే చోట నేల కుడివైపు వాలుగా ఉంటుంది. అక్కడ కుడి మూల తడి. మార్కెట్టులో రోడ్డు వార ఆపితే బండి ఎడమకు ఒరుగుతుంది. అప్పుడు ఎడమ మూల.

‘‘మరి బీడింగు రెండు మూలలా పంతాలేసుకుని కారుతుందా? పైనెక్కడో దిగుతున్నాయి. కిందికి ఎటు వాలితే అటు పోతున్నాయి. కనబడిన చోట పుట్టవు నీళ్లు’’ అన్నాడు మేస్త్రీ.

సిద్ధాంతం అంతే. చెప్పుకోవడానికి చిన్నది. కానీ బండి లీకుల్లో నూటికి తొంభై తప్పులు ఇది మర్చిపోవడం వల్లే జరుగుతాయంటాడాయన. నీరు బుద్ధిగా నిట్టనిలువుగా దిగదు. రేకు అడుగున అతుక్కుని జారుతుంది. సన్నటి సందు దొరికితే పైకి కూడా పాకుతుంది. దీపం వత్తి నూనెను పైకి లాగినట్టే పైకప్పు లోపలి గుడ్డ నీటిని పక్కకు లాగుతుంది. అలా చేరాల్సిన చోటికి చేరి, బయటపడేది మాత్రం అద్దం కింది అంచులో. ఎందుకంటే వెనక గోడ మీద ముందుగా ఎదురయ్యే అంచు అదే.

పట్టుకునే పద్ధతి

మేస్త్రీ మొదటి పని సీటు విప్పించడం. రెండో పని వెనక గోడకున్న అట్ట, పైకప్పు లోపలి గుడ్డ తీయించడం. మూడోది ఆరబెట్టడం. తడి ఉన్న చోట కొత్త తడి తెలియదు కదా. మధ్యాహ్నం దాకా తలుపులు తెరిచి ఎండలో ఉంచారు. ఆ తర్వాత అద్దం కింద, పక్కల, లోపలి రేకు మీద ముగ్గుపిండి పలచగా చల్లాడు. నీటి చుక్క వచ్చిందంటే పిండి మీద దారి గీసినట్టు కనబడుతుంది.

ఆ తర్వాత నీళ్ల పైపు. ఇక్కడే చాలామంది తొందరపడతారు. బండి మొత్తం మీద ధారగా కొట్టి, ‘అదిగో కారింది’ అంటారు. ఎక్కణ్నుంచి కారిందో దేవుడికే తెలియాలి. మేస్త్రీ కింది నుంచి మొదలుపెట్టాడు. క్యాబిన్ లోపల కుర్రాడు టార్చిలైటుతో కూర్చున్నాడు. ముందు అద్దానికి కింద ఉన్న రేకు మీద సన్నగా పోశారు. పది నిమిషాలు. లోపల పొడి. తర్వాత అద్దం కింది అంచు. పొడి. తర్వాత ఒక పక్క, ఆపైన రెండో పక్క. అన్నీ పొడి. ఒక్కో చోటా పది నిమిషాలు ఆగాడు. నీరు లోపల తిరిగి తిరిగి బయటపడటానికి టైము పడుతుంది మరి.

పై అంచుకు వచ్చేముందు ఓ పని చేశాడు. అద్దం చుట్టూ బీడింగు మీద వెడల్పాటి టేపు అంటించి, అద్దాన్నే లెక్కలోంచి తీసేశాడు. అప్పుడు పైకప్పు మీద నీళ్లు పోయించాడు. అద్దంలోంచి ఒక్క చుక్క కూడా రావడానికి వీల్లేదు.

‘‘వచ్చింది!’’ లోపలి నుంచి కుర్రాడు అరిచాడు.

క్యాబిన్ మీదుండే క్యారియరు. ఖాళీ ట్రేలు, మడిచిన బరకం పెట్టుకోవడానికి బండి కొన్న కొత్తలో ఆయనే పెట్టించుకున్నది. దాని కాళ్ల కోసం పైకప్పుకు నాలుగు బెజ్జాలు కొట్టారు. బోల్టుల కింద రబ్బరు వాషర్లు ఎప్పుడో ఎండి చీలిపోయాయి. ఎడమవైపు వెనక బోల్టు దగ్గర్నుంచి నీరు లోపలి రేకు వెంట జారి, అద్దం పై అంచుకు వచ్చి, బీడింగు లోపలి పెదవి మీదుగా ప్రయాణం చేసి, బండి వాలిన మూలకు చేరుతోంది. రెండేళ్లుగా దోషం మోసింది అద్దం. చేసింది క్యారియరు.

అద్దం కూడా పూర్తిగా నిర్దోషి కాదు. టేపు తీసి పై అంచు మీద నీళ్లు పోస్తే కాసేపటికి కింద, లోపలి వైపు, ముగ్గుపిండి మీద మరో గీత పడింది. డీజిలు తాగి ఉబ్బిన రబ్బరు పైన వదులైంది. బీడింగు బయటి పెదవి కింద కొంచెం నీరు చేరడం మామూలే. చేరినది కింది అంచు నుంచి మళ్లీ బయటికి పోతుంది. కానీ ఇక్కడ ఆ దారి మూసుకుపోయింది. దేనితో? సిలికాన్‌తో! పైన వచ్చే దారి తెరిచి ఉంది, కింద పోయే దారికి గోడ కట్టి ఉంది. ఇక నీళ్లకు మిగిలింది లోపలికి పొంగడమే. మిచాంగ్ వానకు చెంబులతో తోడాల్సి వచ్చింది అందుకే.

నూజివీడు నుంచి అమెరికా దాకా

ఈ గొడవ మన పాత బండ్లదే అనుకుంటే పొరపాటు. ఫోర్డ్ కంపెనీ 1925 ఏప్రిల్‌లో మోడల్ టీ రనబౌట్‌కు వెనక సరుకు తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మింది. ఫ్యాక్టరీలోనే తయారై వచ్చిన తొలి పికప్‌లలో ఒకటిగా దాన్నే చెప్పుకుంటారు. దాని పైన ఉన్నది మడిచే గుడ్డ టాపు. లీకు ఎక్కడా అని వెతికే శ్రమే లేదు! రేకు క్యాబిన్లు, స్థిరమైన అద్దాలు వచ్చాకే ఈ వెతుకులాట మొదలైంది.

అమెరికాలో చాలా పికప్‌లకు వెనక అద్దం మధ్యలో పక్కకు జరిపే కిటికీ ఉంటుంది. గాలికి బాగుంటుంది. ఆ కిటికీ జరిగే గాడిలో వాన నీరు చేరుతుందని ముందే తెలుసు కాబట్టి, అది బయటికి పోవడానికి అడుగున సన్నటి బెజ్జాలు పెడతారు. వాటిలో ఆకులు, మట్టి ఇరుక్కుంటే గాడి నిండి నీళ్లు లోపలికి వస్తాయి. తీగముక్కతో ఆ బెజ్జం పొడిస్తే పోయే జబ్బుకు అద్దమే మార్పించుకునే వాళ్లుంటారు.

అక్కడ మరో దొంగ కూడా ఉంది. మూడో బ్రేకు లైటు. కార్లకు 1986 మోడళ్ల నుంచి, పికప్‌ల వంటి తేలికపాటి ట్రక్కులకు 1994 మోడళ్ల నుంచి అక్కడ దాన్ని తప్పనిసరి చేశారు. వెనక వచ్చేవాడికి బ్రేకు పడినట్టు ఎత్తులో కనబడాలని. పికప్‌లో వెనక ఎత్తయిన చోటు ఏది? అద్దం మీద, క్యాబిన్ వెనక అంచు. అక్కడే బిగించారు. లైటుకూ రేకుకూ మధ్య స్పాంజి పట్టీ ఉంటుంది. ఏళ్లు గడిచేసరికి అది నలిగి చదునవుతుంది. నీరు లైటు వెనక దిగి, అద్దం అంచుకు చేరుతుంది. నేరం మళ్లీ అద్దం మీదికే!

ఇంకో సంగతి. పికప్‌లో క్యాబిన్ వేరు, లోడు బాడీ వేరు. రెండూ ఒకే చాసిస్ మీద కూర్చుంటాయి. బరువెత్తి గతుకుల్లో పోతున్నప్పుడు చాసిస్ మెలిక తిరుగుతుంది. ఆ మెలికను క్యాబిన్ వెనక గోడ కూడా ఎంతో కొంత భరిస్తుంది. ఆ గోడలో పెద్ద కంత అంటే అద్దమే. చుట్టూ ఉన్న రబ్బరు, జిగురు, రేకు అతుకులు రోజూ ఆ కదలికకు నలుగుతుంటాయి. శ్రీసిటీలో 2016 నుంచి మన ఆంధ్రాలోనే పికప్‌లు తయారవుతున్నాయి. పెద్దవైనా చిన్నవైనా, అమెరికావైనా మనవైనా ఈ సూత్రం మారదు. ఓవర్‌లోడు వేస్తే కమానులే కాదు, అద్దం అంచులూ అలుస్తాయి.

తాడుతో ఎక్కే అద్దం

జబ్బు తేలాక వైద్యం నాలుగు రోజులు. ముందు పాత బీడింగును బ్లేడుతో కోసి అద్దం దించారు. ఇది ఎవరికి వాళ్లు ఇంటి దగ్గర చేసుకునే పని కాదు. వెనక అద్దం సాధారణంగా టఫెన్డ్ రకం. నడిమధ్యన గట్టిగా కొట్టినా ఒక్కోసారి తట్టుకుంటుంది. అంచు మీద స్క్రూడ్రైవరు తగిలితే చాలు, మొత్తం పటికబెల్లం పలుకుల్లా రాలిపోతుంది.

అద్దం దిగాక అసలు రూపం బయటపడింది. కిటికీ చుట్టూ ఉండే రేకు అంచు సిలికాన్ కింద ఎర్రగా బొరియలు పడి ఉంది. దాన్ని కప్పెట్టి కొత్త రబ్బరు వేస్తే ఆర్నెల్లలో మళ్లీ ఇదే కథ. సిలికాన్ మొత్తం గీకి తీశారు. తుప్పును వైరు బ్రష్షుతో మెరుపు వచ్చేదాకా రుద్దారు. తిన్న చోట కోసి కొత్త రేకు అతికారు. ఫ్లోరుకూ, సీటు బోల్టుల చోటుకూ మందపాటి రేకు వేసి వెల్డింగ్ చేశారు. ప్రైమరు, రంగు, పూర్తిగా ఆరడానికి గడువు. పైకప్పు మీది నాలుగు బెజ్జాలనూ మూసేశారు. క్యారియరును మేస్త్రీ వెనక ఇనప గార్డు పైపులకు బిగించాడు. ‘‘నెత్తికి బెజ్జం పెట్టుకుని గొడుగు కొనుక్కుంటానంటే ఎట్టా?’’ అన్నాడు.

అద్దం ఎక్కించడం చూడముచ్చటైన పని. కొత్త బీడింగును ముందు అద్దానికి తొడుగుతారు. లోపలి వైపు గాడి చుట్టూ ఓ తాడు దూరుస్తారు. సబ్బు నీళ్లు రాసి, బయటి నుంచి కిటికీకి ఆనిస్తారు. తాడు కొసలు క్యాబిన్ లోపలికి ఉంటాయి. లోపలున్న మనిషి తాడును మెల్లగా లాగుతుంటే, రబ్బరు పెదవి ఒక్కో అంగుళమే రేకు అంచు మీదికి ఎక్కి కూర్చుంటుంది. బయటున్న మనిషి అరచేత్తో తడుతూ ఉంటాడు. ఇద్దరికీ తాళం కుదరాలి. తొందరపడితే తాడు రబ్బరును కోస్తుంది. ఆఖర్లో బీడింగు సందుల్లో గట్టిపడని రకం సీలెంటు. రేకుతో పాటు కదలాలంటే అదే మంచిది. కింది అంచున మాత్రం బయటికి పోయే దారి వదిలేశాడు మేస్త్రీ.

కొన్ని బండ్లకు బీడింగు ఉండదు. అద్దాన్ని యురేథేన్ జిగురుతో నేరుగా అతికిస్తారు. దానికి ప్రైమరు ముఖ్యం, ఆరేదాకా బండి కదపకపోవడం అంతకంటే ముఖ్యం. లోపల బ్లోయరు ఉన్నవాళ్లకు ఇంకో సులువైన పరీక్ష ఉంది. తలుపులన్నీ వేసి, బయటి గాలి లోపలికి వచ్చేలా బ్లోయరు జోరుగా పెట్టాలి. అద్దం చుట్టూ బయట సబ్బు నీళ్లు రాయాలి. బుడగ లేచిన చోట సందు ఉన్నట్టే. సైకిలు ట్యూబు పంక్చరు చూసినట్టన్నమాట. ఏడాదికోసారి, తొలకరికి ముందు సీటు వెనక చెయ్యి పెట్టి చూడటం, మ్యాటు ఎత్తి ఎండలో వెయ్యడం, రబ్బరును సబ్బు నీళ్లతోనే తుడవడం... ఇవి ఎవరైనా చేసుకోవచ్చు.

ఖర్చు తక్కువేం కాలేదు. అందులో అద్దం పని వాటా చిన్నది. రేకు పనిదే పెద్దది. దానికి తోడు నాలుగు రోజుల కిరాయి పోయింది. 2022లోనే సీటు విప్పించి ఉంటే నాలుగు వాషర్లతో సరిపోయేదని మేస్త్రీ లెక్క. ఆ మాట ఆయన డబ్బు తీసుకున్నాకే చెప్పాడు లెండి!

అసలు పరీక్ష

2024 ఆగస్టు 31. విజయవాడను ముంచెత్తిన వాన. ఆ మర్నాడు బుడమేరు పొంగి సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు నీళ్లపాలయ్యాయి. తర్వాతి రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ల నుంచి పులిహోర పొట్లాలు, మంచినీళ్ల ప్యాకెట్లు, పాలు, రొట్టెలు బండ్లకెత్తి పంపారు. ఆయన ఊరివాళ్లు వండిన పులిహోర కూడా ఆయన పికప్‌లోనే వెళ్లింది. బరకం కింద పట్టక మిగిలిన రొట్టెల అట్టపెట్టెలు క్యాబిన్‌లో సీటు వెనక సర్దారు. దారి పొడుగునా వాన. నీళ్లు నిలిచిన దగ్గర ఆపి, అట్టపెట్టెలు దించుతున్న కుర్రాళ్లను ఆయన ఒకటే అడిగాడట... ‘‘అడుగు పెట్టె తడిసిందేమో చూడండ్రా.’’

తడవలేదు.

ఇప్పుడు నున్న మార్కెట్టు వరసలో ఎవరైనా సిలికాన్ గొట్టం పట్టుకుని బండి వెనక్కి వెళ్తుంటే ఆయన ఊరుకోడు. ‘‘తమ్ముడూ, ఆగాగు. నీ బండి ఎటు వాలితే అటు కారుతోందా?’’ అని అడుగుతాడు. అవునంటే, ఆ గొట్టం తీసుకుని జేబులో పెట్టేసుకుంటాడు. ‘‘ముందు సీటు విప్పు. ఇది నీకు తర్వాత ఇస్తా’’ అంటాడు.

ఇప్పటికి ఆయన దగ్గర అలాంటి గొట్టాలు మూడు పోగయ్యాయి. ఎవరూ తిరిగి అడగలేదు.